కొత్తవాళ్ల కష్టాన్ని పాతవాళ్లు మోస్తే: పీ5.జేఎస్ కమ్యూనిటీ అనుభవం

జావాస్క్రిప్ట్‌తో బొమ్మలు గీయడం నేర్చుకుంటున్న ఒక విద్యార్థిని 'సెటప్' అని రాయాల్సిన చోట మొదటి అక్షరం క్యాపిటల్‌లో కొట్టిందనుకుందాం. జావాస్క్రిప్ట్ లెక్కలో అది తప్పు కాదు. క్యాపిటల్‌తో మొదలయ్యేది వేరే పేరు, అంతే. అందుకే బ్రౌజర్ ఎర్ర అక్షరాల్లో ఏమీ చెప్పదు. కానీ ఆమె కోరిన సైజులో కాన్వాస్ (బొమ్మ గీసే చోటు) రాదు. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలియదు, అడుగుదామంటే పక్కన ఎవరూ ఉండరు. 'ఇది నావల్ల అయ్యేది కాదేమో' అనే అనుమానం అక్కడే పుడుతుంది. పీ5.జేఎస్ అనే లైబ్రరీ (బొమ్మలు గీసే ఆదేశాలు ముందే రాసిపెట్టిన కోడ్) వాడుతున్నప్పుడు మాత్రం కింద కన్సోల్‌లో, అంటే సందేశాలు వచ్చే చోట, ఒక చిన్న పువ్వు బొమ్మ పక్కన ఒక వాక్యం కనిపిస్తుంది. మీరు ఈ పేరుకు బదులు ఆ పేరు రాసినట్టున్నారు, పొరపాటేమో చూసుకోండి అని దాని సారాంశం.

ఆ వాక్యం ఊరికే పుట్టలేదు. కొత్తవాళ్లు ఎక్కడెక్కడ తడబడతారో ఎవరో గమనించారు, ఆ తప్పును పట్టుకునే కోడ్ రాశారు, చెప్పే మాట కసిరినట్టు లేకుండా చూసుకున్నారు. కోడ్‌తో బొమ్మలు, సంగీతం, ఆటలు, యానిమేషన్లు చేయడం నేర్పే రంగంలో 'అందరికీ స్వాగతం' అనని సంస్థ ఒక్కటీ కనిపించదు. ఆ మాటలో నిజమెంతో తెలియాలంటే, కొత్తగా వచ్చిన మనిషికి ఎదురయ్యే కష్టాన్ని అక్కడ ఎవరు మోస్తున్నారో చూడాలి. వచ్చినవాళ్లే మోసుకోవాల్సి వస్తే ఆ స్వాగతం బ్యానర్ వరకే. అప్పటికే అక్కడ కుదురుకున్నవాళ్లు తమ సమయాన్ని, సౌకర్యాన్ని, పేరును కూడా కొంత వదులుకుని మోస్తే సంగతి వేరు. పీ5.జేఎస్ కమ్యూనిటీ పదేళ్లకు పైగా ఈ పని చేస్తూ వస్తోంది. అందులో కుదిరినవీ ఉన్నాయి, కుదరనివీ ఉన్నాయి. మన దగ్గర ఇలాంటి పనికి దిగేవాళ్లు రెండూ తెలుసుకోవాలి.

పీ5.జేఎస్‌కు మూలం ప్రాసెసింగ్. 2001లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జాన్ మేడా బృందంలో చదువుకుంటున్న కేసీ రీస్, బెన్ ఫ్రై దాన్ని మొదలుపెట్టారు. ప్రోగ్రామింగ్ పాఠం అంటే అప్పటివరకు ఎక్కువగా లెక్కలు చేయించడం, అక్షరాలు ప్రింట్ చేయించడం. ప్రాసెసింగ్‌లో మొదటి లైనుకే ఒక గీతో వృత్తమో కనిపిస్తుంది. అందులో రాసిన ప్రోగ్రామ్‌ను 'స్కెచ్' అంటారు. చిత్రకారులు, డిజైనర్లు, వాళ్లకు పాఠాలు చెప్పే టీచర్లు దాన్ని వెంటనే అందుకున్నారు. సాఫ్ట్‌వేర్ ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. 2012లో ప్రాసెసింగ్ ఫౌండేషన్ ఏర్పడింది. ఆ మరుసటి ఏడాది కళాకారిణి లారెన్ లీ మెకార్తీ, అదే ఆలోచనను వెబ్ బ్రౌజర్ కోసం మళ్లీ మొదటినుంచి కట్టడం ప్రారంభించారు. అదే పీ5.జేఎస్.

బ్రౌజర్‌లోకి రావడం వల్ల జరిగిన మేలు స్కూల్ ల్యాబుల్లో పనిచేసినవాళ్లకు బాగా తెలుస్తుంది. ల్యాబ్ కంప్యూటర్‌లో ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే పాస్‌వర్డ్ తెలిసిన సార్ రావాలి, ఆ సార్ ఆరోజు సెలవులో ఉంటారు. పీ5 వెబ్ ఎడిటర్‌కు ఆ గొడవ లేదు. సైట్ తెరిచి ఎడమవైపు రాస్తే కుడివైపు బొమ్మ వస్తుంది. చూపు తక్కువగా ఉన్నవారికి అక్షరాలు స్పష్టంగా కనిపించేలా హై కాంట్రాస్ట్ థీమ్ కూడా అందులోనే ఉంది.

ఈ ప్రాజెక్టు పుట్టిన ఓపెన్ సోర్స్ లోకం, అంటే కోడ్‌ను అందరికీ తెరిచిపెట్టి కలిసి రాసుకునే లోకం, కొత్తవాళ్లకు అంత సుఖమైన చోటు కాదు. అలాంటి కోడ్‌ను దాచుకుని పంచుకునే సైట్ గిట్‌హబ్ 2017లో చేసిన సర్వేలో జవాబిచ్చినవారిలో 95 శాతం మగవాళ్లే, మహిళలు 3 శాతం. ఇతరులతో చేదు అనుభవం ఎదురైందని 18 శాతం చెప్పారు, అలాంటివి కళ్లారా చూశామని 50 శాతం చెప్పారు. అసంపూర్తిగానో గందరగోళంగానో ఉన్న డాక్యుమెంటేషన్ సమస్య తాము చూశామన్నవారు 93 శాతం. చివరి రెండు అంకెలను కలిపి చూడాలి. రాసిపెట్టింది అర్థం కానప్పుడు ఎవరినైనా అడగాలి. అడిగితే విసుక్కుంటారేమోనని భయం. కంప్యూటర్ ఉన్న ఇంట్లో పుట్టి, అడగడానికి ఒక అన్నయ్యో బాబాయో ఉన్నవాళ్లు ఎలాగోలా గట్టెక్కుతారు. మిగతావాళ్లు ఏమీ అనకుండా వెళ్లిపోతారు. వెళ్లిపోయినవాళ్లు ఏ సర్వేలోనూ కనిపించరు.

2015లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పీ5.జేఎస్‌కు పనిచేసేవాళ్లు ఒక సమావేశం పెట్టుకున్నారు. అక్కడ కోడ్‌తో పాటు ఒక కమ్యూనిటీ ప్రకటనను కూడా కలిసి రాసుకున్నారు. లింగం, జాతి, భాష, శరీర సామర్థ్యం, వర్గం, మతం, వయసు, నైపుణ్యం ఏదైనా అందరూ ఇందులో భాగమేనని దానిలో ఉంది. అలాంటి జాబితాలు చాలాచోట్ల ఉంటాయి. దానికి బలమిచ్చేవి జాబితా పక్కనే ఉన్న చిన్న హ్యాష్‌ట్యాగుల్లో మూడు. కోడ్ వచ్చన్న గర్వం ఇక్కడ చెల్లదని మొదటిది చెబుతుంది, పని వేగం కంటే మనుషులు ముఖ్యం కాబట్టి. కొత్తవాళ్లను ప్రేమగా చూడాలంటుంది రెండోది, అందరం ఎక్కడో ఒకచోట మొదలైనవాళ్లమే కాబట్టి. ఎదుటివాళ్లకు ఫలానాది ముందే తెలిసి ఉంటుందని అనుకోవద్దంటుంది మూడోది.

మూడోది పాటించడం చాలా కష్టం. 'ఇది కూడా తెలీదా?' అన్న మాట మన క్లాసుల్లో ఎంత మామూలుగా వస్తుందో ఒక్కరోజు చెవి పెట్టి వింటే చాలు. 'చాలా ఈజీ, జస్ట్ ఇలా చేసెయ్' అన్నది కూడా అలాంటిదే. చెప్పేవాళ్లు ధైర్యం ఇస్తున్నామనుకుంటారు. ఈజీ అన్నదే తనకు రానప్పుడు ఇక ఏం వస్తుందన్న బాధ వినేవాళ్లది. ఇలాంటి మాటలు అనకూడదని ముందే రాసి ఉంటే, ఎవరైనా అన్నప్పుడు ఆ రాతను చూపించవచ్చు. గొడవ జరిగాక రాసుకునే నియమం ఒక మనిషి మీద రాసినట్టు ఉంటుంది. అందుకే ఆ ప్రకటన ప్రాజెక్టు తొలి రోజుల్లోనే రావడం పెద్ద విషయం.

వద్దని చెప్పిన నిర్ణయం

ఈ కమ్యూనిటీ తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికంటే గట్టిది 2019 నాటి సమావేశంలో వచ్చింది. ఇకపై పీ5.జేఎస్‌లో చేర్చే కొత్త ఫీచర్ ఏదైనా, ఇప్పటివరకు బయట ఉండిపోయినవారికి దారి సులభం చేసేదై ఉండాలి. అలా లేని ప్రతిపాదనను తీసుకోరు. అనువాదాలు, తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్లతో పనిచేయడం, తప్పుల గురించిన సందేశాలు మెరుగుపరచడం, పాత కంప్యూటర్లలో నడిచేలా చూడడం వంటివి ఆ కొలతలో నిలుస్తాయి. 2020 ఫిబ్రవరి 29న 1.0 వెర్షన్ వచ్చినప్పుడు కూడా ఆ మాటకే కట్టుబడ్డారు.

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో ఇది తేలిగ్గా తీసుకునే నిర్ణయం కాదు. ఫీచర్లు పెరుగుతుంటేనే ప్రాజెక్టు బతికున్నట్టు లెక్క. నైపుణ్యం ఉన్న ప్రోగ్రామర్లు ఉచితంగా పనిచేయడానికి వచ్చేదే తమకు నచ్చిన కొత్త ఫీచర్ చేర్చాలని. వాళ్లకు 'ఇది గొప్పగా ఉంది, కానీ ఇక్కడ కాదు, విడిగా యాడ్-ఆన్ లైబ్రరీగా చేయండి' అని చెప్పాలంటే మొహమాటం వదలాలి. కొందరు నొచ్చుకుంటారు, కొందరు వెళ్లిపోతారు. ఆ నష్టాన్ని ఈ కమ్యూనిటీ తెలిసే ఒప్పుకుంది. లైబ్రరీ ఉబ్బిపోతే ఆ బరువు పడేది దాన్ని మొదటిసారి తెరిచిన విద్యార్థి మీద. అందుకని ఆ బరువును అనుభవజ్ఞుల వైపు జరిపారు.

పువ్వు గుర్తుతో వచ్చే తప్పుల సందేశాల వ్యవస్థలోనూ ఇలాంటి లెక్కే ఉంది. ప్రతి ఆదేశానికి ఇచ్చిన విలువలు సరైనవో కావో చూడాలంటే కంప్యూటర్‌కు అదనపు పని పడుతుంది, స్కెచ్ కొంచెం నెమ్మదిస్తుంది. మామూలు ఫైల్‌లో ఆ తనిఖీ దానంతటదే నడుస్తుంది. వేగం కావాలనుకునేవాళ్లు కుదించిన ఫైల్ వాడుకుంటారు, అందులో తనిఖీ ఉండదు. ఏ సెట్టింగూ మార్చడం రాని మనిషికి సాయం దానంతటదే అందుతుంది. సెట్టింగులు తెలిసినవాళ్లే వాటిని మార్చుకునే శ్రమ పడతారు. చాలా సాఫ్ట్‌వేర్లలో ఇది తిరగబడి ఉంటుంది.

బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌తో చూపు లేనివాళ్లకు ఏం పని అనుకునేవాళ్లు ఉంటారు. పీ5.జేఎస్‌లో 'డిస్క్రైబ్' అనే ఆదేశం ఉంది. 'నీలం నేపథ్యం మీద ఎర్ర వృత్తం ఎడమనుంచి కుడికి కదులుతోంది' అని ఒక వాక్యం అందులో రాస్తే స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంది. కాన్వాస్ మీద ఏ ఆకారం ఎక్కడ ఉందో, ఏ రంగులో ఉందో తనంతట తానే వాక్యాలుగానో పట్టికగానో ఇచ్చే ఆదేశాలు కూడా ఉన్నాయి. సైట్‌లోని రిఫరెన్స్ ఉదాహరణల్లో ఈ వర్ణన వాక్యం కోడ్‌లోనే కలిసి కనిపిస్తుంది. వృత్తం గీయడం నేర్చుకునే పదిహేనేళ్ల కుర్రాడికి, గీసినదాన్ని మాటల్లో చెప్పడం కూడా ఆ పనిలో భాగమేనని అలవాటవుతుంది. వికలాంగుల గురించి చివర్లో ఒక ప్రత్యేక పాఠం పెట్టడం కంటే ఈ పద్ధతి ఎంతో మేలు.

పేరు ఎవరికి, డబ్బు ఎవరికి

ఓపెన్ సోర్స్‌లో పేరు సాధారణంగా కోడ్ రాసినవాళ్లకే దక్కుతుంది. డాక్యుమెంటేషన్ రాసినవాళ్లు, అనువదించినవాళ్లు, వర్క్‌షాపులు నడిపినవాళ్లు, పోస్టర్ వేసినవాళ్లు లెక్కలోకి రారు. పీ5.జేఎస్ తన ప్రాజెక్టు మొదటి పేజీలో వీళ్లందరి పేర్లనూ ఒకే జాబితాలో పెడుతుంది. ఎవరు ఏ రకం పని చేశారో పక్కన చిన్న గుర్తులు ఉంటాయి. కోడ్ ఒక గుర్తు, అనువాదం ఒక గుర్తు, బోధన ఒక గుర్తు. జాబితా చాలా పొడవైపోయింది, చూడ్డానికి చిందరవందరగా ఉంటుంది కూడా. అయినా అది అలాగే ఉండాలి.

పేరు విషయంలో పిల్లలు పెద్దవాళ్ల కంటే నిక్కచ్చిగా ఉంటారని, పిల్లలకు కోడింగ్ నేర్పే స్క్రాచ్ అనుభవం చూపించింది. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో విడుదల చేసిన స్క్రాచ్‌లో ఎవరి ప్రాజెక్టునైనా తీసుకుని మార్చి మళ్లీ పెట్టవచ్చు. దాన్ని రీమిక్స్ అంటారు. మొదట్లో 'నా ఆట దొంగిలించారు' అని పిల్లల ఫిర్యాదులు వచ్చాయి. అప్పుడు అసలు సృష్టికర్త పేరు రీమిక్స్ కింద దానంతటదే వచ్చేలా చేశారు. అయినా ఫిర్యాదులు ఆగలేదు. ఆండ్రెస్ మన్రాయ్-హెర్నాండెజ్, సహ పరిశోధకులు 2011లో దీనిమీద ప్రచురించిన అధ్యయనంలో తేలిందేమంటే, యంత్రం వేసిన పేరును పిల్లలు గుర్తింపుగా తీసుకోలేదు. అవతలి పిల్లవాడు తన చేత్తో 'ఇది ఫలానావాళ్ల ప్రాజెక్టు చూసి చేశాను, థ్యాంక్స్' అని రాస్తేనే వాళ్ల మనసు కుదుటపడింది. లైసెన్స్ ఉందా లేదా అన్నంత మాత్రాన నైతికత ప్రశ్న తీరిపోదని పెద్దలకు కూడా గుర్తుచేసే ఫలితం ఇది. ఇప్పుడు ఏఐ బొమ్మల యంత్రాలు లక్షలమంది కళాకారుల పనిని అడగకుండా వాడుకుని తయారయ్యాయి. వాటితో బొమ్మ చేసి 'నాది' అనుకునే విద్యార్థికి ఈ సంగతి చెప్పి తీరాలి.

నాయకత్వం కూడా ఒకరకంగా పేరే. మెకార్తీ కొన్నేళ్లు నడిపి బాధ్యత వదిలేశారు. ఆ తర్వాత మోయిరా టర్నర్, ఎవెలిన్ మాసో, చియాన్‌చియాన్ యే వంటివారు ప్రాజెక్టును నడిపించారు. స్థాపకులే జీవితాంతం కుర్చీలో ఉండే సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఇది చెప్పుకోదగ్గ సంగతే.

డబ్బు దగ్గరికి వచ్చేసరికి కథ ఇంత సాఫీగా లేదు. 2021లో కోడ్‌తో కళ చేసే కళాకారులు ఎన్ఎఫ్‌టీలు (డిజిటల్ బొమ్మల యాజమాన్య టోకెన్లు) అమ్మి, ఆ డబ్బులోంచి ప్రాసెసింగ్ ఫౌండేషన్‌కు భారీగా విరాళాలిచ్చారు. తాము నేర్చుకున్న చోటికి తిరిగి ఇవ్వాలన్నది వాళ్ల ఉద్దేశం. ఆ లావాదేవీలు నడిచిన ఎథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ అప్పట్లో విపరీతంగా కరెంటు తాగేది. 2022 సెప్టెంబరులో పద్ధతి మార్చాకే ఆ వాడకం 99 శాతానికి పైగా తగ్గింది. పర్యావరణం గురించి ఆలోచించే కళాకారుల్లో ఇది పెద్ద చర్చ అయింది. తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. 2023 అక్టోబరులో బెన్ ఫ్రై ఫౌండేషన్ నుంచి తప్పుకున్నారు. వచ్చిన డబ్బులో అసలు ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్‌కు దక్కింది అత్యల్పమని ఆయన బహిరంగంగానే బాధపడ్డారు. ఏళ్లతరబడి జీతం లేకుండా కోడ్ మోసిన మనిషి బాధను కొట్టిపారేయలేం. కార్యక్రమాలు, ఫెలోషిప్‌లు, కొత్తవాళ్లకు చేసే సాయం కూడా ఖర్చుతో కూడినవే. పాతవాళ్లు కష్టం మోయాలన్న సూత్రానికి ఇక్కడొక హద్దు కనిపిస్తుంది. వాళ్లూ మనుషులే, వాళ్ల వీపు కూడా నొప్పి పెడుతుంది. వచ్చిన డబ్బు ఏ పనికి ఎంత వెళుతుందో ముందే అందరి ఎదుట మాట్లాడుకోకపోతే ఇరవై ఏళ్ల స్నేహాలు కూడా నిలవవు.

భయాన్ని అమ్మినప్పుడు

మన దేశంలో పిల్లల కోడింగ్ చదువు ఇంటింటికీ చేరింది 2020లో. జాతీయ విద్యా విధానం ఆరో తరగతితో మొదలయ్యే మిడిల్ దశనుంచి కోడింగ్ ఉండాలని చెప్పిన ఏడాది అది. కోవిడ్‌తో పిల్లలు స్క్రీన్ల ముందే ఉన్నారు. ఆన్‌లైన్ కోడింగ్ క్లాసులు అమ్మే ఒక సంస్థ, కోడింగ్ నేర్చుకుని కోట్ల జీతం తెచ్చుకున్న ఒక బాలుడి గురించి ప్రకటనలు ఇచ్చింది. అలాంటి బాలుడు లేడు. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ జోక్యంతో ఐదు ప్రకటనలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. విమర్శించినవారి మీద ఆ సంస్థ పరువు నష్టం కేసులు వేసింది.

పీ5.జేఎస్ చేసిన దానికి ఇది పూర్తిగా తలకిందులు. ఇక్కడ బరువంతా తల్లిదండ్రుల మీద పడింది. పక్కింటి పిల్లాడు నేర్చుకుంటున్నాడు, మనవాడు వెనకబడిపోతాడేమో అన్న టెన్షన్ మీదే ఆ వ్యాపారం నడిచింది. అప్పు చేసి ఫీజు కట్టిన ఇళ్లలో పిల్లలకు కోడింగ్ ఒక ఆటగా మిగలదు, తీర్చాల్సిన బాకీ అవుతుంది. ఆ పిల్ల ఒక వృత్తం గీసి రంగు మార్చి సంతోషపడితే 'ఇంకా యాప్ చేయలేదా' అని అడుగుతారు. సృజన నేర్పుతామనేవాళ్లు మానేయాల్సిన మొదటి పని ఇలాంటి ఆశలు, భయాలు అమ్మడం.

ఇక తెలుగు రాష్ట్రాల సంగతి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవాళ్లలో అది ఆంధ్రప్రదేశ్‌లో 48.8, తెలంగాణలో 57.4. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, అంకెలు మారి ఉంటాయి. కానీ ఇంట్లో ఫోన్ ముందు ఎవరి చేతికి వస్తుందన్నది అంత త్వరగా మారదు. ఐటీ రాజధానిగా పేరున్న హైదరాబాద్ చుట్టూ ఉన్న నేలమీద ఈ తేడా ఉందని గుర్తుపెట్టుకునే ఏ క్లబ్ అయినా మొదలుపెట్టాలి. ముగ్గురికి ఒక కంప్యూటర్ ఉన్న ల్యాబ్‌లో మౌస్ ఎవరి చేతిలో ఉందో చూస్తే క్లబ్ ఎలా నడుస్తోందో సగం తెలిసిపోతుంది. పది నిమిషాలకోసారి చేతులు మారాలన్న నియమానికి పైసా ఖర్చు కాదు.

పరికరాలకు డబ్బు కొంత వస్తూనే ఉంది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్స్ పథకం కింద స్కూలుకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంట్ ఉంది, దేశంలో 10,000 స్కూళ్లకు అవి అందాయి. పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో కిట్లను బీరువాలో పెట్టి తాళం వేసే చోట ఆ డబ్బు పిల్లల దాకా రాదు. ఒక సెన్సార్ కాలిపోతే టీచర్ జీతంలో కోత పెట్టబోమని రాతపూర్వకంగా చెప్పగలిగిన హెడ్మాస్టర్ ఉంటే తాళం ఊడుతుంది.

పొరుగున కేరళలో కైట్ అనే ప్రభుత్వ సంస్థ 2018లో లిటిల్ కైట్స్ పేరుతో బడి క్లబ్బులు మొదలుపెట్టింది. అన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే. యానిమేషన్, ప్రోగ్రామింగ్, మలయాళంలో టైపింగ్ నేర్పుతారు. నేర్చుకున్న పిల్లలు ఇతరులకు నేర్పాలన్నది అందులో మెచ్చుకోవాల్సిన అంశం. 2022లో ఈ పిల్లలే తల్లులకు సైబర్ భద్రత మీద క్లాసులు చెప్పారు. అయితే సభ్యత్వానికి పరీక్ష ఉంది. ముందునుంచీ కొంత వచ్చినవాళ్లే పరీక్షలో నెగ్గుతారు కాబట్టి, గుమ్మం దగ్గరే కొందరు ఆగిపోయే ప్రమాదం ఉంది. మన దగ్గర ఎవరైనా దీన్ని అనుసరిస్తే పరీక్షను పక్కనపెట్టి మిగతాది తెచ్చుకోవాలి.

అమెరికాలో రాసుకున్న కమ్యూనిటీ ప్రకటనను మక్కీకి మక్కీ అనువదించి గోడకు అంటిస్తే కూడా సరిపోదు. ఇక్కడ కులం గురించి సూటిగా రాయాలి. రిజిస్ట్రేషన్ ఫారంలో ఇంటిపేరు, తండ్రి ఉద్యోగం అడగడం ఎందుకో క్లబ్ నడిపేవాళ్లు తమను తాము ప్రశ్నించుకోవాలి. గురుకులం నుంచి వచ్చిన అమ్మాయి, కార్పొరేట్ స్కూలు అబ్బాయి ఒకే టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు ఇంగ్లీషులో ప్రజెంటేషన్ ఇవ్వాలన్న ఒక్క షరతు చాలు, ఎవరు నోరు విప్పుతారో తేలిపోతుంది. పిల్లల ఫొటోలు, పేర్లు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేసే అలవాటు కూడా పోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపువారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది, పిల్లల్ని గురిపెట్టే ప్రకటనలను వద్దంటోంది.

పదమూడు చుక్కలు, ఏడు వచ్చేవరకు

ప్రోగ్రామింగ్‌లో లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం) నేర్పేటప్పుడు మన కాలేజీల్లో నక్షత్రాల పిరమిడ్ ప్రింట్ చేయిస్తారు. ఆ పిరమిడ్ ఎందుకో ఎవరికీ తెలియదు. దాని బదులు '13 చుక్కలు, 7 వచ్చేవరకు సందు చుక్క' అని చెప్పి చూడండి. సంక్రాంతి నెలలో వాకిట్లో ముగ్గు చూసిన ఎవరికైనా బొమ్మ కళ్లముందుకు వస్తుంది. మధ్య వరుసలో 13 చుక్కలు. పైకీ కిందికీ వరుసకొక చుక్క తగ్గుతూ, సగం దూరం పక్కకు జరుగుతూ, 7 దగ్గర ఆగాలి. మొత్తం 13 వరుసలు, 127 చుక్కలు, ఆకారం షడ్భుజి. కోడ్‌లో బయటి లూప్ వరుసలకు, లోపలి లూప్ చుక్కలకు. వరుస మారినప్పుడల్లా ఎడమ అంచు చుక్కల మధ్య దూరంలో సగం జరగాలి. ఎదురు చుక్కల ముగ్గయితే వరుసకు రెండేసి చుక్కలు తగ్గిస్తూ, అంచును ఒక పూర్తి దూరం జరిపితే సరి. ఆ తర్వాత మెలికలు వేయడం అసలైన సవాలు. చెన్నైలో గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృత్తివాసన్ 1970లలోనే తమిళ ముగ్గులైన కోలాలను గణిత వ్యాకరణాలుగా అధ్యయనం చేసి ప్రచురించారు కాబట్టి ఇది పిల్లలాట అనుకోనక్కర్లేదు.

ఈ పాఠంలో తెలిసినవాళ్లెవరన్నది మారిపోతుంది. ల్యాబ్‌లో వెనక కూర్చునే అమ్మాయికి చుక్కల లెక్క వచ్చు, ముందు వరుస అబ్బాయి ఆమెను అడగాలి. ముగ్గులు ఆడపిల్లల పని అని మళ్లీ అక్కడే కట్టేయకుండా ఇద్దరిచేతా రెండూ చేయించాలి. ముగ్గు ఎవరి దగ్గర నేర్చుకున్నారో స్కెచ్ మొదటి లైనులో పేరు రాయించాలి. అమ్మమ్మ కావచ్చు, పక్కింటి పిన్ని కావచ్చు. స్క్రాచ్ పిల్లలు కోరుకున్న గుర్తింపు ఇదే.

జావాస్క్రిప్ట్‌లో వేరియబుల్ (విలువను దాచుకునే చోటు) పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చన్న సంగతి చాలామంది టీచర్లకు తెలియదు. 'చుక్కలు', 'వరుస', 'దూరం' అని నేరుగా తెలుగు లిపిలో రాస్తే బ్రౌజర్ ఏ పేచీ పెట్టదు. ఆదేశాలు మాత్రం ఇంగ్లీషులోనే ఉంటాయి. ఏది భాష ఇచ్చిన పేరు, ఏది మనం పెట్టిన పేరు అన్న తేడా దగ్గర కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడతారు. లిపి వేరైతే ఆ తేడా చూడగానే తెలుస్తుంది.

పీ5.జేఎస్ సైట్ ఇంగ్లీషుతో పాటు స్పానిష్, చైనీస్, కొరియన్, హిందీల్లో దొరుకుతుంది. హిందీలోకి రావడం వెనక మన దేశపు వాలంటీర్ల శ్రమ ఉంది. తెలుగు ఆ వరుసలో చేరలేదు. ఆ పనికి దిగడానికి ఎవరి అనుమతికోసమో ఎదురుచూడక్కర్లేదు. తప్పుల సందేశాలు భాషకొక ఫైల్ చొప్పున విడిగా ఉంటాయి, ముందు వాటితో మొదలుపెట్టవచ్చు. అయితే ఇది ఒక వారాంతంలో హ్యాకథాన్ పెట్టి ముగించే పని కాదు. ప్రతి కొత్త వెర్షన్‌తో సందేశాలు మారతాయి, ఏడాది తర్వాత కూడా ఆ ఫైల్‌ను చూసుకునేవాళ్లు కావాలి. 'ఆర్గ్యుమెంట్'కు (ఆదేశానికి ఇచ్చే విలువ) నిఘంటువులోంచి సంస్కృత పదం తెచ్చి పెడితే ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంగ్లీషు కంటే ఎక్కువ భయం వేస్తుంది. ఇద్దరు ప్రోగ్రామర్లు, ఇద్దరు ప్రభుత్వ బడి టీచర్లు ఉన్న జట్టు సందేశాలు రాయాలి. రాసినవాటిని ఒక తెలుగు మీడియం క్లాసుకు తీసుకెళ్లి, పిల్లలు ఏ మాట దగ్గర ఆగుతున్నారో చూసి మార్చాలి. ఆ టీచర్లకు దారి ఖర్చులు, గౌరవ వేతనం మొదటే పక్కన పెట్టాలి.